నా బదులు మనిషి

ఆ రోజుల్లో ఖతార్‌లో మనుషులకు కరువు. చమురు డబ్బుతో ఎడారిలో మేడలు లేస్తున్నాయి, కట్టే చేతులు చాలడం లేదు. అందుకే వచ్చినవాణ్ని కంపెనీలు ఓ పట్టాన వదిలేవి కావు. మా క్యాంప్ ఉమ్ సలాల్ దగ్గర. స్లాబులకు చెక్కలు బిగించే పని నాది. రెండేళ్ల కాంట్రాక్టు ముగిసి ఏడు నెలలైనా నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోనే ఉంది. నేనొచ్చాక పుట్టిన కూతురు అప్పుడే మాటలు కూడా నేర్చిందట. దాన్ని ఒక్కసారి ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకునేది.

అడగ్గా అడగ్గా ఫోర్‌మన్ హిందీలో ఒక దారి చెప్పాడు. నా బదులు ఊరి నుంచి ఒక మనిషిని రప్పిస్తే, దేశం దాటడానికి కావాల్సిన నా ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెట్టిస్తాడట.

మేం ఇంటికి మాటలు క్యాసెట్లో నింపి పంపేవాళ్లం. చప్పుడు పడకూడదని కూలర్ ఆపి, తలుపు బిగించి, చెమటలు కక్కుతూ టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాను. "బామ్మర్దీ, రూముల మంచి సల్లగుంటది. పని అల్కగనే ఉంటది. నువ్వు రా, నేనున్న గదా" అన్నాను. గదిలో ఎనిమిదిమంది ఉన్నా ఎవరూ నవ్వలేదు. అందరూ అలాంటి క్యాసెట్లు నింపినవాళ్లే. సిగ్గేసింది, అయినా ఆపలేదు.

నా భార్య తమ్ముడు మూడు నెలల్లో దిగాడు. వాళ్లక్క పంపిన మామిడికాయ తొక్కు నా చేతికిచ్చి, తన పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఇచ్చేశాడు. ఫోర్‌మన్ మాట తప్పలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. వారంలో నా కాగితం వచ్చింది.

ఆ వారం అల్ ఘర్రాఫాలో ఒక విల్లా మీద వాడికి పని నేర్పాను. మేకు ఎక్కడ కొట్టాలో చెప్తే తలూపేవాడు. ఎండకు పెదాలు పగిలాయి. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్లే రోజు నా బ్యాగు బండి దాకా వాడే మోశాడు.

"నేనెప్పుడు పోత బావా?"

"నీ బదులు ఒకడు రావాలె."

"మరి నేనెవర్ని పిలవాలె?"

డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఏదో ఒకటి అనేసి ఎక్కేయొచ్చు. కానీ ఊళ్లో పని లేక తిరుగుతున్నది ఎవరెవరా అని నేను నిజంగానే ఆలోచించాను.

"మా చిన్నాయిన కొడుకున్నడు గదా" అన్నాను. "ఇంటికి పోంగనే నేనే మాట్లాడ్త."