ముసుగు లేని ముఖం

ఆ మనిషి నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. నల్లగొండ వైపు నుంచి వచ్చి చెంగిచెర్లలో అద్దెకు ఉండేవాడు. తెలంగాణ వస్తుందా రాదా అని అందరూ మాట్లాడుకుంటున్న ఏడాది అది. ఒక ఉదయం డ్యూటీకి వెళ్తుంటే, బైక్ మీద వచ్చిన ఒకడు అతని కళ్లముందే ఒక పెద్దావిడ మెడలోని పుస్తెలతాడు లాగాడు. తాడు తెగలేదు. బైక్ ఆమెను కంకర మీద ఈడ్చుకుపోయింది. ఇతను చేతిలోని స్టీలు టిఫిన్ డబ్బాతో దొంగ మూతి మీద కొట్టాడు. బైక్ పడింది. దొంగ కత్తి తీసి ఇతని మోచేయి కోశాడు. అయినా ఇతను వదలకుండా వాడి గొంతు మీద మోకాలు పెట్టి, పోలీసులు వచ్చేదాకా లేవలేదు.

అప్పటికి నేను ఉప్పల్ నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాయబట్టి పదిహేనేళ్లు దాటింది. దానికి తోడు సోషల్ మీడియాలో చుట్టుపక్కల కాలనీల కోసం ఒక గ్రూపు నడిపేవాడిని. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయి, రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంది, ఎవరి కుక్క తప్పిపోయింది, అన్నీ అందులోనే. పక్క ఫ్లాట్ వాళ్లతో మాట్లాడనివాళ్లు కూడా అక్కడ కలిసిపోయేవారు. నాకది సంతోషంగా ఉండేది.

మధ్యాహ్నం స్టేషన్‌లో ప్రెస్‌మీట్ పెట్టారు. సాక్షులు గుర్తుపట్టే పరేడ్ జరిగేదాకా నిందితుడి ముఖం బయటపడకూడదు కాబట్టి, ఎప్పటిలాగే వాడికి నల్ల ముసుగు వేసి నిలబెట్టారు. ఇన్‌స్పెక్టర్ ఇతన్ని కూడా పిలిచాడు.

"నువ్వు గూడ నిలబడు తమ్మీ, పేపర్ల వస్తది."

"అంగీ అంత నెత్తురే ఉంది సార్. గిట్లనే నిలబడాల్నా?"

"గట్లనే మంచిగుంటది. ధైర్యం కనబడాలె."

ఖాకీ బట్టల్లో ఉన్న కానిస్టేబుల్ ఒకాయన మెచ్చుకోలుగా ఇతని భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఫోటో తీశాను.

వివరాలు ముందు పత్రికలోనే రావాలి. మా వృత్తిలో ఆ నియమం ఒంటికి పట్టిపోయి ఉంటుంది. అందుకే గ్రూపులో ఫోటో పెట్టి కింద రెండే ముక్కలు రాశాను: "గొలుసు దొంగ దొరికాడు. వివరాలు రేపటి పత్రికలో."

చూసినవాళ్లకు ఆ ఫోటోలో పోలీసులవి కాక కనిపించిన ముఖం ఇతనిదొక్కటే. చిరిగిన చొక్కా, నెత్తురు, భుజం మీద పోలీసు చెయ్యి. ఫోటో కింద కామెంట్లు మొదలయ్యాయి.

"మొకంల పొగరు సూడున్రి."

"గీనికి కోర్టెందుకు? చౌరస్తల కట్టేసి బొక్కలిరగ్గొట్టాలె."

"ముసుగాయన ఎవరన్నా?"

"పట్టిచ్చినాయన గావొచ్చు. పాపం, మొకం కనబడితె దొంగలు ఊకుంటరా?"

ఆ మాటలేవీ నేను చదవలేదు. లైకులు ఎన్ని వచ్చాయో మాత్రం నాలుగైదుసార్లు చూసుకున్నాను. ఈలోగా ఎవరో అతని ముఖం ఒక్కటే కత్తిరించి, "వీడు కనిపిస్తే వదలొద్దు" అని రాసి బోడుప్పల్, చెంగిచెర్ల గ్రూపుల్లోకి పంపారు.

మర్నాడు పొద్దున్నే పత్రిక వచ్చింది. ఫోటో కింద ఎవరు ఎవరో సరిగ్గానే రాసి ఉంది. మధ్యాహ్నం అతను కట్టు మార్పించుకోవడానికి వెళ్తుంటే చెంగిచెర్ల స్టాపులో ఏడెనిమిది మంది పట్టుకున్నారు. తర్వాత అతన్ని దవాఖానాకు తెచ్చిన ఆటో డ్రైవర్ చెప్పాడు నాకు.

"గదుమ పట్టి మొకం లేపిన్రన్నా. ఫోన్ల సూసుడు, కొట్టుడు. మల్ల సూసుడు, మల్ల కొట్టుడు. 'దొంగను పట్టింది నేనే' అని మొత్తుకుండు. 'దొరికినోడు గట్లనే అంటడు బే, స్టేషన్‌కెల్లి ఎంతిచ్చి బయటికొచ్చినవ్?' అని కడుపుల తన్నిన్రు. ఒగడు సెంట్రింగ్ కట్టె అందుకుండు. కన్ను మీద వడ్డది. ఆపుదామని పోతె నన్ను గూడ గుంజి కొట్టిన్రు."

కొట్టేటప్పుడు ఒకడు వీడియో తీశాడు. కబురు తెలిసి నేను దవాఖానా మెట్లు ఎక్కేసరికి అది మా గ్రూపులోకి వచ్చింది. కట్టె తగిలిన చప్పుడు కూడా వినిపిస్తోంది. కింద చప్పట్ల బొమ్మలు.

కడుపులో ప్లీహం పగిలి నెత్తురు పోతోంది, వెంటనే ఆపరేషన్ చేయాలి, ఓ నెగటివ్ రక్తం కావాలన్నారు డాక్టర్లు. బ్లడ్ బ్యాంకులో లేదు. అతని భార్య నా చొక్కా పట్టుకుంది. "నువ్వేనటగద ఫోటో పెట్టింది? నా మొగుడు దొంగనా అన్నా? చెప్పు, దొంగనా?" నేను ఫోన్ తీసి అదే గ్రూపులో రక్తం కోసం రాశాను. ఇంకేం చేయాలో తోచలేదు.

గంటలోపే ముగ్గురు వచ్చారు. రామంతాపూర్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి, హబ్సిగూడ నుంచి ఒక సైంటిస్టు, బోడుప్పల్ నుంచి ఒక కుర్రవాడు. కుర్రవాడి కుడిచేతి పిడికిలి మీద తోలు లేచిపోయి ఉంది. పచ్చి గాయం.

"ఏమైంది?" అన్నాను.

"బండి మీదికెల్లి వడ్డనన్న," అన్నాడు నేలకేసి చూస్తూ. "లోపల ఉన్నాయన... బతుకుతడా?"

పదిహేనేళ్లు ప్రశ్నలు అడిగి బతికినవాణ్ని. ఇంకొక్క ప్రశ్న అడిగితే అతను మెట్లు దిగి వెళ్లిపోతాడు. వెళ్లిపోతే ఒక సీసా రక్తం తగ్గుతుంది. అడగలేదు. అతని రక్తం ఆ మనిషి ఒంట్లోకి ఎక్కింది. పోలీసులకు కూడా నేను ఆ పిడికిలి గురించి చెప్పలేదు. 

అతను బతికాడు. ఎడమకన్ను పోయింది. నేను ఫోటో తీసేశాను, క్షమాపణ రాశాను. దాన్ని పదిమంది కూడా చూడలేదు. కత్తిరించిన ముఖం మాత్రం నెలల తరబడి తిరుగుతూనే ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు అతన్ని లేత్ మీది నుంచి స్టోర్‌కు మార్చారు.

మళ్లీ డ్యూటీకి వెళ్లే మొదటిరోజు అతని భార్య ఫోన్ చేసింది. "ఒక్కడే పోనంటుండు. ఎవడన్న ఆపితె దొంగ కాదని చెప్పనీకి నువ్వొస్తనే పోతడట." వెళ్లాను. చెంగిచెర్ల స్టాపులో పక్కపక్కన నిలబడ్డాం. ఎదురుగా ఉన్న ఒక మనిషి అతని వైపు ఒకసారి చూసి, జేబులోంచి ఫోన్ తీసి దాంట్లోకి చూశాడు. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. గోళ్లు దిగాయి.

"టైమ్ చూస్కుంటుండు," అన్నాను.

"నీకెట్ల తెలుసన్నా?" అన్నాడు.

బస్సు వచ్చింది. ఆ మనిషి ఎక్కాడు. మేము ఎక్కలేదు.