మౌస్‌లు రెండు, బాణం ఒకటే

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. గోపాలపట్నం దగ్గర లారీ గుద్దిందని, రమణ అక్కడికక్కడే పోయాడని.

పెట్టేశాను. నమ్మకం కుదరక మళ్లీ నేనే చేశాను.

నిజమే.

రమణది కంచరపాలెంలో డీటీపీ షాపు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, చావు ఫ్లెక్సీలు అన్నీ అక్కడే. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం.

మా అమ్మాయి గౌరికి ఆటిజం. మాటల్లేవు. పక్కన ఎవరైనా కూర్చుంటే లేచి వెళ్లిపోయేది. నూకాలు అని ఇంకో పాపదీ అదే పరిస్థితి, వాళ్ల నాన్న సముద్రంలో వేటకి వెళ్తాడు. ఇద్దర్నీ ఆదివారాలు షాపుకి తీసుకురమ్మన్నాడు రమణ.

బొమ్మలు గీసుకోమని ఒకే కంప్యూటర్‌కి రెండు మౌస్‌లు తగిలించాడు. తెర మీద రెండు బాణాలు వస్తాయనుకున్నాడు, పిచ్చి మారాజు. ఒకటే వచ్చింది. గౌరి ఇటు లాగితే నూకాలు అటు లాగింది. గీతంతా వంకరటింకర.

ఒక మౌస్ పీకెయ్యమన్నాను.

"ఉండు బావా, నాను సూత్తన్నాను కదా. ఆలిద్దరూ ఏటో మాటాడుకుంతన్నారు" అన్నాడు.

కొన్నాళ్లకి గౌరి ఆగితే నూకాలు లాగడం, నూకాలు ఆగితే గౌరి లాగడం మొదలైంది. ఆ గీతలనే నూకాలు నాన్న తన పడవకి రంగుల్లో వేయించుకున్నాడు.

తర్వాత షాపులో ఏ ఫ్లెక్సీకైనా అంచు వాళ్లిద్దరిదే. పాతది వాడేద్దాం అంటే రమణ ఒప్పుకునేవాడు కాదు. "కొత్త మనిసికి కొత్త గీత బావా" అనేవాడు. అతను "కానీండమ్మా" అంటే తప్ప ఇద్దరూ మౌస్ కదిపేవారు కాదు.

ఈ రోజు రమణకే ఫ్లెక్సీ చెయ్యాల్సి వచ్చింది.

వాళ్ల తమ్ముడు షాపు తెరిచి ఫొటో పెట్టాడు. పిల్లలిద్దరూ వచ్చి కూర్చున్నారు. మౌస్‌ల మీద చేతులు పెట్టి ఎదురు చూశారు.

తమ్ముడు "కానీండమ్మా" అన్నాడు. కదల్లేదు.

నేనూ అన్నాను. గౌరి గుమ్మం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వస్తోంది. రమణ ఇక రాడని ఆ పిల్లకి ఎలా చెప్పాలి? మళ్లీ ఎవరి పక్కనైనా కూర్చుంటుందా?

మధ్యాహ్నం జంక్షన్‌లో ఫ్లెక్సీ కట్టాం. దానికి అంచు లేదు. కంప్యూటర్‌లో పాతవి చాలా ఉన్నాయి, వాడడానికి మాకెవరికీ చెయ్యి రాలేదు.

వెళ్లిరా బావా. అక్కడ నువ్వన్నా నిమ్మళంగా ఉండు.