చిట్టియ్య అభ్యంతరం

చిట్టియ్యను తలుచుకుంటే నాకు ముందు నా మీదే కోపం వస్తుంది. అంతర్వేదికి దిగువనున్న ఆ పల్లెపాలెంలో పదకొండేళ్లు బడిపంతులుగా పనిచేశాను. నన్ను తొలిసారి సముద్రం మీదికి తీసుకెళ్లింది అతనే. సీసపు గుండు అడుగున సబ్బు మెత్తి, తాడుతో నీళ్లలోకి వదిలేవాడు. పైకి లాగాక సబ్బుకు అంటుకున్న మట్టిని వేళ్ల మధ్య నలిపి, "ఇక్కడ రొయ్య గుడ్లు పెడతాదండి మాస్టారూ" అనేవాడు. వల వేస్తే రొయ్యే పడేది. "మీ బళ్లో దీనికి పరీచ్చ పెట్టరేంటండి?" అని నన్ను ఆటపట్టించేవాడు. చదువు లేదు గానీ పొగరుకు లోటు లేదు.

ఆ పొగరే కొంప ముంచింది. 2003లో ఒక కంపెనీ వాళ్లు వచ్చి, సముద్రం అడుగున నల్ల ఇసుక ఎక్కడుందో చూపించమన్నారు. వాళ్ల మిషన్ల కంటే ముందు చిట్టియ్య గుండే కనిపెట్టింది. పన్నెండు బారల లోతున, ఊరంతా రొయ్య పట్టుకునే చోటునే సంబరంగా చూపించాడు. ఏడాది తిరక్కుండా ఆ ఇసుకను ఓడలతో తోడేస్తామని, దానికి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని బడి గోడకు నోటీసు అంటించారు. నేను చదివి చెప్పాను. అతను గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అడుగు తోడేస్తే గుడ్లెక్కడ పెడతాయండి? వద్దండి మాస్టారూ. ఊరంతా దాని మీదే బతుకుతున్నాం. నేనే చూపించానండి."

"ఆ మాటే సభ జరపడానికొచ్చే ఆఫీసరు గారి ముందు చెప్పు" అన్నాను.

కులపెద్ద పల్లంరాజు చిట్టియ్య భార్య వీరమ్మకు స్వయానా అన్న. కంపెనీ జెట్టీ కట్టిస్తానంటే ఎవర్నీ అడక్కుండా ఒప్పేసుకున్నాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

ఆ పాలెంలో సభకు ఒక పద్ధతుంది. ఏ మాటైనా మూడుసార్లు అడుగుతారు. మొదటి పిలుపుకు పెద్ద చెబుతాడు. రెండో పిలుపుకు ఆయన్ని బలపరిచేవాళ్లు లేస్తారు. ఎదురు చెప్పేవాడు మూడో పిలుపుకే నోరు విప్పాలి. ముందే లేస్తే తప్పు కట్టాలి, మొండికేస్తే వెలి. ఇది నాకు తెలుసు. ఆఫీసరుకు తెలియదు. ఆయన చెవిన వేయాలని నా బుర్రకు తట్టలేదు.

బడి ఆవరణలోనే షామియానా వేశారు. మినిట్స్ రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. ఊరికి సమ్మతమేనని పల్లంరాజు మైకులో చెప్పాడు. "అభ్యంతరాలుంటే చెప్పండి" అని ఆఫీసరు ఒక్కసారే అడిగాడు. ముందు వరసలో చిట్టియ్య చేతులు కట్టుకుని, పెదాలు బిగించి, తన వంతు కోసం కూర్చున్నాడు. ఆఫీసరు ఫైలు మూసేశాడు.

"ఇంకా రెండు పిలుపులున్నాయండి" అంటూ చిట్టియ్య ఒక్క ఉదుటున వచ్చి ఫైలు పట్టుకున్నాడు. కానిస్టేబుల్ లాఠీతో అతని వేళ్ల మీద కొట్టాడు. వదల్లేదు. మళ్లీ కొట్టాడు. గోళ్లు చిట్లి రక్తం కాగితాల మీద కారింది. అతని వెనక లేచిన ఇద్దర్ని పల్లంరాజు మనుషులు కుర్చీలతో బాది, ఇసుకలో పడేసి తొక్కారు. పల్లంరాజు గోడకు ఆనించిన తెడ్డు లాక్కొచ్చి చిట్టియ్య మూతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బ మెడ మీద పడింది. వీరమ్మ తన అన్న చెయ్యి పట్టుకుని కొరికితే, ఆమెను జుట్టు పట్టి గేటు దాకా ఈడ్చారు. నేను కలం పట్టుకుని కూర్చునే ఉన్నాను.

ఆఫీసరు చొక్కా మీద పడ్డ రక్తం తుడుచుకున్నాడు. "సరే, చెప్పనివ్వండి. ఏంటయ్యా నీ అభ్యంతరం?"

మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టారు. దవడ ఒక పక్కకు వేలాడుతోంది. చిట్టియ్య నోరు కదిపాడు. రెండు పళ్లు, ముద్దగా రక్తం బయటికొచ్చాయి. మాట రాలేదు. అతని మూలుగు మైకులో పాలెమంతా వినబడింది.

"ఏమీ చెప్పట్లేదు కదా. అభ్యంతరాలు లేవని రాసుకోండి మాస్టారూ."

రాశాను.

రాజమండ్రి ఆస్పత్రిలో దవడకు తీగలు కట్టారు. నెలన్నర తర్వాత వీరమ్మ అతన్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. గంజి తప్ప దిగక మనిషి సగమయ్యాడు.

"ఈయన వద్దన్నాడని కాయితం మీద రాసివ్వండి మాస్టారూ. మీతో అన్నాడు కదండీ. మీ సంతకముంటే కలెక్టరు గారు నమ్ముతారండి" అంది.

"నేను గవర్నమెంటు ఉద్యోగినమ్మా" అన్నాను. చిట్టియ్య నా వైపు చూసి, అర్థమైందన్నట్టు తల ఊపాడు. తిట్టినా బాగుండేది.

ఆ వానాకాలమే అతను పోయాడు. తర్వాత ఓడలొచ్చాయి. రొయ్య పోయింది. 2009లో రిటైరై, పెన్షను కాగితాలు చేతికొచ్చిన మర్నాడే, చిట్టియ్య నాతో అన్న మాటలన్నీ రాసి, సంతకం చేసి వీరమ్మ ఇంటికి పట్టుకెళ్లాను. ఎండుచేపలు తిరగేస్తోంది. చెయ్యి చీరకు తుడుచుకుని కాగితం అందుకుంది. చదవడం రాదు, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడు దీన్ని ఎవరికిమ్మంటారండి మాస్టారూ?" అంది.