మొదటి గోనె

ఇవాళ పాతపట్నం సంతలో నాలుగు చినుకులు పడ్డాయి. కింద పరుచుకున్న గోనె తడిసి, ఎండుచేపల వాసన గుప్పుమంది. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ నాకు అలవాటైన వాసనే. అయినా తడిగోనె వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, పోలమ్మత్త వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎదుట టీ కొట్టులో టీవీ మోగుతోంది. ఎన్నాళ్లని ప్రపంచం బరువంతా మేమే మొయ్యాలి, ఎవరి కాపలా వాళ్లే కాసుకోండి అని అమెరికా అంటోందట. "బాగా సెప్పేడు" అన్నాడొకడు. "ఇన్నాల్లూ పెత్తనం సేసి తిన్నాడు కాదేటి? ఇప్పుడు బరువైపోయిందా?" అన్నాడు ఇంకొకడు. నాకు నవ్వొచ్చింది. ఈ తగువు నాకు కొత్త కాదు. నా పెళ్లయిన కొత్తలోనే, ఈ సంతలో మా చేపల వరసలోనే విన్నాను.

పోలమ్మత్తది మా వీధే. చుట్టరికం ఏమీ లేదు, నోరారా అత్తా అని పిలిచేవాళ్లం. సముద్రం ఒడ్డున మా ఊరి ఆడవాళ్లమంతా ఎండుచేపల గంపలు పెట్టుకుని ఒకే వ్యానులో ఈ సంతకు వచ్చేవాళ్లం. సంతలో మాది ఒకటే వరస. వరసకు మొదట, కాస్త మెరకగా ఉన్న గట్టు మీద పోలమ్మత్త గోనె. ఆ చోటు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. సంతకొచ్చినవాళ్ల కళ్లు ముందు దానిమీదే పడతాయి కాబట్టి బోణీ అక్కడే అవుతుంది. సంత పన్ను, అదే ఆశీలు, వసూలు చేసేవాడు వచ్చి గదమాయించేదీ అక్కడే. తాగి తూలేవాడు, గంపలో మూతి పెట్టే ఆవు, మా చోటు మీద కన్నేసిన బట్టల వ్యాపారి, అందరూ ముందు తగిలేది ఆ గోనె మీద కూర్చున్న మనిషికే. పోలమ్మత్త నోరు విప్పితే అందరూ దారిన పడేవారు. తన బోణీ కాగానే తరవాతి బేరాన్ని వెనక్కి పంపేది. "ఎనక్కెల్లు బావా, మా కోడలి దగ్గర నెత్తళ్లు సూడు, గలగల్లాడతన్నాయి" అనేది. ఆ కోడల్ని నేనే. బేరం పిలవడానికి సిగ్గుపడే ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ మాట వల్లే.

అయినా గొణుగుడు తప్పలేదు. రెండో గోనె సూరమ్మక్కది. ఒకరోజు వ్యానులో అందరూ వినేలా అంది, "బోణీలన్నీ దానివే. మనవేటి, దాని ఎనకాల తోకలమా?"

పోలమ్మత్త విన్నది. అప్పటికే ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఆ రోజే ఆశీలువాడితో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "ఒసే, నానేటి మీరు జీతమిచ్చి పెట్టుకున్న కాపలాదాన్నా? వచ్చే సంతకి నాను సివర్న కూకుంటాను. ఆ గోనె మీరే ఏసుకోండి" అంది. కోపంలో అన్న మాటే కదా అనుకున్నాం.

అన్నంత పనీ చేసింది. మరుసటి సంతలో కాలవ పక్కన, వరసకు చిట్టచివర కూలబడింది. సూరమ్మక్క సంబరంగా గట్టెక్కింది, బోణీ కూడా బాగానే అయింది. అంతలో ఆశీలువాడు వచ్చి గొంతు పెంచాడు. సూరమ్మక్క గంపెత్తుకుని వెనక్కి జరిగింది. ఆవిడ జరిగేసరికి మేమంతా జరిగాం. గట్టు ఖాళీ అయిందో లేదో, బట్టల వ్యాపారి టార్పాలిన్ పరిచేశాడు. మేం పల్లంలోకి పోయాం. మధ్యాహ్నానికి వాన దంచింది. ఎండుచేప ఒక్కసారి నీళ్లలో నానిందంటే పురుగు పడుతుంది, ఇక దాని మొహం చూసేవాడుండడు. నా నెత్తళ్లు కళ్లముందే ముద్దైపోతుంటే బావురుమన్నాను. అందరికంటే ముందు మునిగింది చివరన కూర్చున్న పోలమ్మత్త గంపే.

తిరుగు ప్రయాణంలో సూరమ్మక్క "అంతా నీ వల్లే" అని పోలమ్మత్తను తిట్టింది. ఆవిడ తడిసిన గోనె పిండుకుంటూ కూర్చుంది. వ్యాను దిగాక ఉండబట్టలేక అడిగాను, "కోపం రాలేదేటత్తా?"

"ఎందుకు రాదే? మోసేవోల్లకి బుజం నొప్పెడతాది. నొప్పెడతన్నాదని సెప్పుకోనియ్యాల కదా" అంది. కాస్త దూరం నడిచాక మళ్లీ తనే అంది. "కానీ నాను ఉత్తపున్నేనికి మొయ్యలేదే. బోణీలు తిన్నాను. తిన్నన్నాల్లు తిని, ఒక్కపాలి దబీమని దింపీడం నా తప్పే. మీకు మొయ్యడం నేర్పకపోడం అంతకంటే పెద్ద తప్పు."

తరవాతి సంతకు మేం గట్టు దగ్గరికి వెళ్లేసరికి బట్టల వ్యాపారి అక్కడే ఉన్నాడు. మేం ఎప్పటిలా పోలమ్మత్త వెనకాల చేరాం. ఆవిడ వెనక్కి తిరిగి కసిరింది, "ఎనకాల కాదే, పక్కన నిలబడండి!" నిలబడ్డాం. సూరమ్మక్క కూడా నిలబడింది. అంతమంది ఆడవాళ్లను వరసగా చూసి అతను "ఓలమ్మో" అనుకుంటూ టార్పాలిన్ చుట్టేశాడు. పోలమ్మత్త గోనె పరిచి, సగం ఖాళీ ఉంచి, సూరమ్మక్కను పిలిచింది. "రాయే. ఇకనించి సంతకొకరు నా పక్కన కూకోండి. బోణీ సగం, తగువు సగం."

అందుకే టీ కొట్టులో వాళ్లిద్దరిలో ఎవరినీ కాదనలేకపోయాను. బరువు మోసి అలిసిన భుజాన్ని చూశాను, జాలిపడకుండా ఉండలేను. ఆ భుజం తిన్న బోణీలూ చూశాను. కానీ గట్టు మీద చోటు ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదని, వాన ముందు పల్లంలో ఉన్నవాళ్లనే ముంచుతుందని టీవీలో ఎవరూ చెప్పలేదు. అంత పెద్ద దేశానికి పక్కన కూర్చోబెట్టుకోవడం తెలియదా అనిపించింది. పక్కన కూర్చోమంటే మిగతావాళ్లు మాత్రం వస్తారా అని కూడా అనిపించింది.

పోలమ్మత్త పోయి చాలా ఏళ్లైంది. మొదటి గోనె ఇప్పుడు నాది, మోకాళ్ల నొప్పులూ నావే. సంతకొకరు పక్కన కూర్చునే పద్ధతి కూడా ఎప్పుడో సడలిపోయింది, ఒక్కదాన్నే అరుస్తున్నాను. ఇవాళ చినుకులు ఆగాక వెనక గోనె మీంచి సూరమ్మక్క కొత్త కోడలు గొణగడం వినిపించింది, "బోణీలన్నీ ఈవిడివే." ఒళ్లు మండింది. అయితే నువ్వే కూకో అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆశీలువాడు సంత మొదట్లో కనిపించాడు. నా గంప ఒక పక్కకు లాగి, తడిగోనె సగం ఖాళీ చేశాను.

"ఒసే కోడలా, ఇలారా. ముందు తగువులో నీ సగం తీసుకో, బోణీ తరవాత సూద్దాం" అన్నాను.

పిల్ల బిత్తరపోయింది. ఆ తరవాత కొంగు బొడ్లో దోపుకుని, వచ్చి నా పక్కన కూర్చుంది.