సత్యంగారి ఆయ్

బండారులంక చేనేత సంఘంలో గుమాస్తా సత్యంగారి నోట ‘లేదు’ అన్న మాట విన్నవాళ్ళు లేరు. ఎవరేం చెప్పినా “ఆయ్” అనేవారు. ఆ మాటకు ఔనని అర్థం కావచ్చు, విన్నానండీ అని మాత్రమే కావచ్చు. తేల్చి అడిగే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు. తేల్చి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

“పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అనడిగితే ఆయ్ అన్నారు. నచ్చేనో, ప్రశ్న వినబడిందో నాకిప్పటికీ తెలీదు,” అని ఆటపట్టించేది ఆయన భార్య భూలక్ష్మి.

సంఘానికి చీర అంచులు గీసేది ఆమే. 2005లో కంప్యూటర్లు వచ్చాక గళ్ళ కాగితం మానేసి, నేరుగా తెర మీదే గీయడం నేర్చుకుంది. గీసినవన్నీ ఆఫీసు సర్వరులో ఉండేవి. అది పాడైతే గతేమిటని, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు రాజేంద్రప్రసాద్ పక్కగదిలో ఒక నిల్వపెట్టె పెట్టి, నెట్‌వర్కుకు కలిపి, అందులో ‘అంచులు’ పేరుతో షేర్, అంటే నెట్‌వర్కు ద్వారా వాడుకునే ఫోల్డరు, తెరిచాడు. సర్వరు రోజూ సాయంత్రం తనలోని నమూనాలకు నకళ్ళు తీసి అందులో దాస్తుంది.

“ఈ షేర్‌కి పాస్‌వర్డుంది. ఇక్కడ మారిస్తే సర్వరులోనూ మార్చాలి. లేకపోతే లోపలికి రానివ్వదు. అర్థమైందా సత్యంగారూ?”

“ఆయ్.”

మరుసటి ఏడు కార్యదర్శి గంగాధరరావుగారు భద్రత పేరు చెప్పి నిల్వపెట్టె పాస్‌వర్డు మార్పించారు. సర్వరులో పాతదే ఉండిపోయింది. నాటినుంచి ప్రతి ఉదయమూ తెర మీద ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక కనబడేది. సత్యంగారు దానికీ మర్యాదగా ఓకే నొక్కేవారు.

“బ్యాకప్ పడుతోందాండీ?” అని ఇంజనీరు అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు.

“ఆయ్.”

అతను నిశ్చింతగా పెట్టేసేవాడు.

ఆ ఏడే భూలక్ష్మి జబ్బుపడింది. కాస్త ఓపిక ఉన్న పూటల్లా ఆఫీసుకొచ్చి, పనసతొనల అంచొకటి గీసి ముగించింది.

“దీన్ని అంజిబాబు మగ్గం మీదే నేయించాలండీ. మొదటి చీర మన కుసుమకి. మాటివ్వండి. ఆయ్ అంటే ఒప్పుకోను.”

“నేయిస్తాను,” అన్నారాయన. కూతురికి పెట్టబోయే చీరను అప్పుడే చూసినట్టు నవ్వింది భూలక్ష్మి. నెల తిరక్కుండానే పోయింది.

అంజిబాబు మగ్గం ఖాళీ అయ్యేలోగా పిడుగుపాటుకు సర్వరు మాడిపోయింది. రాజేంద్రప్రసాద్ వచ్చి షేర్ తెరిచాడు. పాస్‌వర్డు మారకముందు గీసిన అంచులన్నీ ఉన్నాయి. పనసతొనలు లేవు.

“ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాణ్ణి కదండీ! పడుతోందన్నారు కదా!”

“అడిగేరండీ,” అన్నారు సత్యంగారు. “నేను... విన్నానన్నానండీ.”

అడిగినవాడు ఔనని విన్నాడు. చెప్పినవాడు విన్నానని చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. శిక్షించడానికి నేరమైనా దొరకని నష్టమది. మర్యాద ముసుగులో ఒక మనిషి చివరి పని లోకంలోంచి చెరిగిపోతే, ఎవరిని నిలదీయాలి?

వారం తర్వాత అంజిబాబు ఇంటికొచ్చేడు.

“మగ్గం ఖాళీ చేశానండీ. అక్కగారి అంచు ఇస్తారాండీ?”

సత్యంగారి పెదవులు అలవాటైన మాట దాకా వెళ్ళి ఆగిపోయాయి.

“లేదు, అంజిబాబూ.”

ఆయన నోట ఎన్నడూ వినని మాట కావడంతో అది అంజిబాబుకు అందలేదు.

“ఆయ్,” అని, కండువాతో అరుగు దులుపుకుని, ఆయన లోపల్నుంచి తెస్తారని కూర్చున్నాడు.