పడవ కోసం చేసిన అల్మార

బోధన్‌లో మా ఇంటి ముందు ట్రాలీ మీద నా తెరచాప పడవ ఉంది. పాతదే. లోపల ఇద్దరు పడుకునేంత చిన్న గది. తడిసి ఉబ్బిన చెక్కలన్నీ పీకేసి, కొత్తవి నేనే బిగిస్తున్నాను. ఈ ఏడు దాన్ని నిజాంసాగర్‌ నీళ్లలో దింపి తీరాలి.

ఆ గదిలో పెట్టే అల్మార ఈ రోజు పూర్తయింది. పడవ ఒరిగినా సామాను జారిపడకుండా ప్రతి అరకూ ముందు అంచు కట్టాను. నా కొలత తప్పదు. తీరా మోసుకెళ్తే, పడవ తలుపులోంచి లోపలికి పోలేదు. అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా తిప్పి చూశాను. గదంతా కొలిచాను గానీ తలుపు కొలవలేదు.

వాకిట్లో బీడీలు చుడుతున్న మా అవ్వ తలెత్తకుండానే అంది.

“తిప్పలు పడకు బిడ్డా. ఇంట్ల పెట్టు.”

“ఇది పట్టదని నీకు ముందుగాలనే ఎర్కనా అవ్వా?”

“నువ్వు చెక్కలు కోసిననాడే ఎర్కైంది.”

“మరి చెప్పకపోతివి?”

“చెప్తే సగంలనే ఆపుతుంటివి.”

సాయంత్రానికల్లా పై అరల్లోకి తునికాకు కట్టలు, తంబాకు డబ్బా చేరిపోయాయి. కింది అర కొంచెం వెడల్పు పెట్టమని పోయిన వారం ఆమె అడిగితే, పడవ మీద ఇష్టం కలిగిందని మురిసిపోయాను. మీ ఇళ్లలోనూ మీ పని మీద ఇలాంటి ఇష్టాలు పుడుతుంటాయా?

రేపు రెండోది పడవ లోపలే కూర్చుని బిగిస్తాను. ఆ కింది అరలో మాత్రం అవ్వ బీడీల చాట అతికినట్టు పట్టింది. చెప్పాను కదా, నా కొలత తప్పదు.