పెద్దనాయన చూసిన పచ్చరంగు

మా పెద్దనాయన పోయాడన్న మాట నాకు ఆస్పత్రి ల్యాబులో తెలిసింది. పొద్దున తీసిన నెత్తురు గొట్టాలను స్టాండులో వరసగా పెడుతూ తల ఎత్తేసరికి మా నాయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. ఆస్పత్రిలోకి వచ్చినప్పుడల్లా ఆయన అలాగే చేస్తాడు.

"అన్న పోయినాడు పాపా" అన్నాడు. "గొర్రెల కాడ. బండకు ఆనుకోని కూచున్నోడు కూచున్నట్టే ఉండాడు. మేము పోయేతలికి ఒళ్ళు చల్లబడింది."

చెప్పులు ఇంకో చేతిలోకి మార్చుకుని మళ్ళీ అన్నాడు. "పోయిన నెల నువ్వు నెత్తురు చూసి బాగుండాది అంటివి గదా."

నింద వేస్తున్నట్టు అనలేదు. తెలుసుకుందామని అడిగాడు. నేను గొట్టాలను పక్కవాళ్ళకు అప్పగించి ఆయన వెంట బయలుదేరాను. ఇప్పుడు పెద్దనాయన గురించి రాయడానికి కూర్చుంటే కూడా ముందు ఆ ప్రశ్నే వచ్చి ఎదురుగా నిలబడుతోంది.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఎర్రమట్టి, గులకరాళ్ళు. వాన పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలు. పెద్దనాయనకు, పెద్దమ్మకు పిల్లలు లేరు. వాళ్ళ ఇంట్లో తిని, వాళ్ళ ఇంట్లో పడుకుని పెరిగినదాన్ని నేను. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. నన్ను గొర్రెపిల్లల వెంట పంపాలని నాయన అనుకుంటే, "గొర్రెపిల్లల్ను నేను తోలుకుపోతాలే, దీన్ని బడికి తోలు" అని పెద్దనాయన అడ్డం పడ్డాడు. కదిరిలో హాస్టలు అయ్యాక, అనంతపురం ఆస్పత్రిలో ల్యాబు పని నేర్చుకోవడానికి చేరాను. ఆ పని ఏమిటో చెబితే ఆయన నవ్వాడు.

"నెత్తురు చూసేదానికి ఇంత సదువా? నేను దినామూ చూస్తాండా గదమ్మా."

అది నిజమే. గొర్రె తలను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బొటనవేలితో కంటి కింది రెప్ప దించి చూసేవాడు. లోపల ఎర్రగా ఉంటే మంచిది. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో పురుగులున్నట్టు. నా వేలు కూడా అలా పెట్టించి చూపించేవాడు. నెత్తురు చూసి ఒంటి సంగతి తెలుసుకోవచ్చన్న పాఠం నాకు మొదట చెప్పింది ఆయనే.

మంద పెరిగాక గొర్రెలు కాయడానికి ఒక జీతగాణ్ణి పెట్టుకున్నాడు. మా వైపు జీతగాణ్ణి పెట్టుకున్న పెద్దమనిషి గొర్రెల వెనక నడవడు. అది మర్యాద కాదు. పెద్దనాయన అరుగు మీద కూర్చుని బీడీ మీద బీడీ కాల్చడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసేది. ఇద్దరికీ కాలం కలిసి వచ్చిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

ఒక ఎండాకాలం నేను సెలవుకు ఇంటికి పోయినప్పుడు పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మీ పెద్దనాయన దోవలో ఊరికే నిలబడి పైకి చూస్తాండాడు పాపా. బావికాడికి పోయేలోపల ఎన్ని తూర్లు నిలబడతాడో."

మా ఊళ్ళో ఆకాశం వైపు చూసే మనిషిని ఎవరూ ఎందుకని అడగరు. వాన మోడం పట్టిందేమో చూస్తున్నాడనుకుంటారు. నేను వెంట నడిచి గమనించాను. గట్టు ఎక్కేటప్పుడు ఆగి, ఎడమ చేయి పిడికిలి బిగించి, తల ఎత్తి నిలబడుతున్నాడు. నుదుటి మీద చెమట. గట్టిగా అడిగితే చెప్పాడు. రొమ్ము మీద పగ్గమేసి బిగించినట్టు ఉంటుందట. దవడ దాకా లాగుతుందట. నిలబడితే పోతుందట.

"పోతాది గదా, ఇంకేంది?" అన్నాడు.

బలవంతంగా ఆస్పత్రికి పిలుచుకు వచ్చాను. డాక్టరమ్మ గుండెకు గొట్టం పెట్టి విన్నారు, చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూశారు, చాలా ప్రశ్నలు వేశారు. ఇది గుండె నొప్పే అన్నారు. నెత్తురులో కొలెస్ట్రాల్ అనే కొవ్వు ఎంత ఉందో చూద్దాం, వచ్చే వారం పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మన్నారు. ఆ పరీక్ష మా ల్యాబులో అప్పుడే కొత్తగా చేస్తున్నాం.

చెప్పిన రోజుకు పెద్దనాయన వచ్చాడు. తలకు కొత్త రుమాలు చుట్టుకుని, మీసం నూనె పెట్టి దువ్వుకుని, పెండ్లికి వచ్చినవాడిలా ఉన్నాడు. నేను నెత్తురు తీశాను. అది గడ్డకట్టి పైన తేరిన నీరు మామూలుగా లేత గడ్డిరంగులో తేటగా ఉండాలి. ఆయనది పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. గొట్టం పట్టుకుని డాక్టరమ్మ బయటికి వచ్చారు.

"ఏం తిన్నారు?"

"పొట్టేలు కోసినామమ్మా" అన్నాడు పెద్దనాయన సంతోషంగా. "రాత్రి తలకాయ, నల్లిబొక్కలు. పొద్దున మిగిలిందాంట్లో నెయ్యేసుకోని తినే బస్సెక్కినా."

"ఏమీ తినకుండా రమ్మన్నాను గదా?"

"అంటిరమ్మా. మా ఇంటామె ఒప్పుకోలేదు. నాకూ సరే అనిపించింది. సంతకు తోలే ముందు గొర్రెను గూడ బాగా మేపే తోలుతాం. రెప్ప దించితే ఎర్రగా కనపడల్ల గదా. మీరు నెత్తురు చూస్తామంటిరి, ఎండిపోయినోని మాదిరి యెట్ల వచ్చేది?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు. "మిమ్మల్ని అమ్మడానికి చూడటం లేదండీ."

"ముసలి పొట్టేలును కొనేదెవురులేమ్మా" అన్నాడు. వరండాలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఒక పూట తిండితో కొలెస్ట్రాల్ పెద్దగా మారదు. కాని కొద్దిసేపటి క్రితం తిన్న కొవ్వు నెత్తురులో తేలుతూ ఉంటే, మేము చూడవలసిన రంగు సరిగా కనపడదు. మళ్ళీ రమ్మన్నాం. ఈసారి ముందు రోజే వచ్చి నా దగ్గరే ఉన్నాడు. సాయంత్రం పెందలాడే తిని, తర్వాత నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పెద్దమ్మ కబురు పంపింది: "నెత్తురు తీస్తారంట, కూడు పెట్టరంట, ఇదేం ఆస్పత్రో!"

పరీక్ష చేసేటప్పుడు చూస్తానన్నాడు. డాక్టరమ్మ సరేనన్నారు. నెత్తురు పైన తేరిన నీటిలో ఆమ్లాలు కలిపి కాసేపు పెడితే రంగు తిరుగుతుంది. ముందు గులాబీ, తర్వాత నీలం, చివరికి పచ్చ. పచ్చ ఎంత చిక్కనైతే కొలెస్ట్రాల్ అంత ఎక్కువ. ఎంత ఉందో ముందే తెలిసిన గొట్టం పక్కన పెట్టి పోల్చుకుంటాం. ఆయన ముక్కు గొట్టానికి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"ఎర్రటి నెత్తుర్లోంచి ఈ పచ్చ యాడ నుంచి వచ్చింది పాపా?"

రంగు బాగా చిక్కగా తిరిగింది. ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ. నేను ఎలా చెప్పాలా అని చూస్తుంటే ఆయనే అన్నాడు.

"మన చేను ఈ మాదిరి పచ్చగా ఉంటే ఎంత బాగుండు."

ఆ రోజు వరండాలో కూర్చుని ఆయనకు వివరించడం నాకు పరీక్షకంటే కష్టమైంది. కొవ్వు ఎక్కువైతే బలమే గదా అన్నాడు. ఆ కొవ్వు కొంత ఒంటికి కావాలి, ఒళ్ళే తయారు చేసుకుంటుంది అన్నాను. ఎక్కువైతే గుండెకు నెత్తురు తెచ్చే సన్నటి నాళాల గోడల్లో పేరుకుని దారి ఇరుకవుతుంది, గట్టు ఎక్కేటప్పుడు గుండెకు ఎక్కువ నెత్తురు కావాలి, ఇరుకు దారిలో అంత రాదు, అందుకే ఆ నొప్పి అన్నాను.

"ముసలి పొట్టేలు గుండె కోస్తే చుట్టూ తెల్లగా ఉంటాది. అదేనా?"

"అది బయటి కొవ్వు పెద్దనాయనా. ఇది నాళం గోడ లోపల ఉంటుంది."

"అయితే ఇన్నాళ్ళూ కోసిందాంట్లో నేను చూసింది అది కాదన్నమాట" అన్నాడు. తనకు తెలియనిది ఉందని ఒప్పుకోవడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఎంత చదువుకున్నా, నేను ఆయన దగ్గర నేర్చుకోవాలనుకున్నది అదే.

డాక్టరమ్మ బీడీ మానమన్నారు. నెయ్యి, కొవ్వు మాంసం బాగా తగ్గించమన్నారు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని మాత్రలు ఇచ్చారు. ఆ నొప్పి సర్దుకున్నాక రోజూ మెల్లగా చదును నేల మీద నడవమన్నారు. మిగతావి ఎలా ఉన్నా, ఆ చివరి మాటకు పెద్దనాయన ముఖం వెలిగిపోయింది. ఇంటికి పోయి, డాక్టరమ్మే మళ్ళీ గొర్రెల వెనక పొమ్మన్నదని చాటించాడు.

"జీతగానికి పెట్టలేక ఈయనే పోతాండాడని ఊరు నవ్వుతాది" అంది పెద్దమ్మ.

"నవ్వనీలే. నవ్వేటోళ్ళ గుండె బాగుంటాది."

బీడీ మానడానికి చాలా అవస్థపడ్డాడు. వెలిగించని బీడీ చెవి మీద పెట్టుకుని తిరిగేవాడు. ఒక్కోసారి వెలిగించేవాడు కూడా. నెయ్యి విషయంలో పెద్దమ్మతో యుద్ధమే జరిగింది. ఆమె ముద్ద అడుగున దాచి పెట్టేది. తిండి తగ్గిస్తే మగడు ఎండిపోతాడని ఆమె భయం. "యాడ దాచినావో చెప్పు మే, ముసలి కండ్లతో వెతుక్కోలేను" అని ఆయన సంగటిని వేలితో పొడిచి చూసేవాడు. పరీక్ష పేరు వింటే ఆమెకు గిట్టేది కాదు. ఆ మాయదారి గొట్టాలే తన మగణ్ణి తన వంటకు దూరం చేశాయని చాలాకాలం నాతో సరిగా మాట్లాడలేదు.

కొన్ని నెలలకొకసారి వచ్చి నెత్తురు ఇచ్చి పోయేవాడు. రంగు కొంచెం కొంచెంగా పలచబడింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా ఆ సంగతి చెప్పేవాడు. ఊళ్ళో ఒకాయన, "ఏమన్నా, నెత్తుర్లో పంట ఎండిపోతాండాదంట" అని ఎగతాళి చేస్తే, "ఆ ఒక్క చేను ఎండిపోతేనే నాకు మంచిదప్పా" అన్నాడట.

రంగు తగ్గింది కాబట్టి భయం లేదనుకోకూడదని డాక్టరమ్మ ఆయనను హెచ్చరించేవారు. ఇన్నేళ్ళ బీడీలు ఉన్నాయి, వయసు ఉంది, ఇదివరకే పేరుకున్నది ఉంది. ఈ పరీక్ష చెప్పేది అందులో ఒక్క సంగతే.

"అంటే మోడం మాదిరి అన్న మాట" అన్నాడు పెద్దనాయన. "దినామూ తలెత్తి చూడాల్సిందే. దాన్నే నమ్ముకోని కూచోకూడదు."

చివరిసారి చూసినప్పుడు రంగు ఎప్పటికంటే పలచగా ఉంది. ఆయన తృప్తిగా పోయాడు. ఆ తర్వాత నాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

కర్మలు ముగిసే పెద్దదినం అయ్యాక మగవాళ్ళు వాకిట్లో కూర్చున్నారు. నాయన అడిగిన ప్రశ్నే అక్కడ వేరే గొంతుల్లో వచ్చింది. "పరీక్షలో బాగుండాదనిరి. మడిసి పోయినాడు. ఇంక ఆ పరీక్ష ఎందుకప్పా?" నేను లేచి చెప్పాను. పరీక్ష ప్రమాదం ఎంత ఉందో చెబుతుంది గాని పోయే రోజు చెప్పదని, కొత్తగా పేరుకోకుండా చూసుకోగలం గాని పాతదంతా కడిగివేయలేమని. నేను చెప్పిందాంట్లో తప్పు లేదు. కాని పుస్తకం చదివినట్టు ఉంది. ఎవరూ తల ఊపలేదు. ఆయనను చూసి పరీక్షకు రావాలనుకున్న ఒకరిద్దరు కూడా ఇక రారని నాకు తెలిసిపోయింది.

అప్పుడు లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. అన్ని రోజుల్లో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ఆ ఎండాకాలంలోనే పోవాల్సినోడు. గట్టు మీద నిలబడి చెమటలు కార్చినోడు. ఆ పొద్దు నుంచి మొన్నటి దాకా నా ఎదురుగా కూచోని సంగటి తిన్న పూటలన్నీ యాడివి అనుకుంటాండారు?"

మా నాయన తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

పోయిన వారం పెద్దమ్మ మా ఆస్పత్రికి వచ్చింది. మగడు పోయినామె కొన్నాళ్ళు గడప దాటకూడదని ఊళ్ళో ఆడవాళ్ళు వద్దన్నారట. వినకుండా ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ల్యాబు ఎక్కడో అడుగుతూ అడుగుతూ వచ్చి, నా ఎదుట స్టూలు మీద కూర్చుంది.

"నాది గూడ చూడు పాపా" అంది.

చేయి బల్ల మీద చాపి, సూది చూడలేక ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. నేను రబ్బరు గొట్టం కట్టాను. ఎండకు కాగి నల్లబడిన చేయి అది. మణికట్టు దగ్గర, ఇన్నేళ్ళూ గాజులు ఉండిన చోట మాత్రం చర్మం పసిపిల్లదిలా లేతగా ఉంది.